పిడుగు బెదరకుండా

"ఈసారి జనంలో ఎగిరిందంటే సాయంత్రానికల్లా దీన్ని బండివాడికి అప్పగించేస్తా. మీ ఇద్దరి ఏడుపులూ నాకొద్దు!"

అనేసి గుర్రం ఓనరు వెళ్లి పోటీల మైదానం పక్కన ముందు వరస కుర్చీలో కూలబడ్డాడు. గుర్రమెక్కడం రాదు గానీ, వదిలించుకోవడం బాగా వచ్చు.

పిడుగు అనే ఆ గుర్రాన్ని సాకేది ఓ తండ్రీ కూతురూ. కూతురు జీను పట్టీ బిగిస్తోంది. తండ్రి కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. బెదురుగొడ్డని పేరు పిడుగుది. వణికేవి మాత్రం ఆయన చేతులు.

"నాన్నా, ఆ వణుకు దానికి ఎక్కించకు. కళ్లెం ఇటివ్వు."

"అదిగో, మైకు కీచుమంది! పట్టుకో, పట్టుకో!"

పిడుగు చెవి కూడా తిప్పలేదు. పక్కనే బ్యాండు మోగింది. జెండాలు టపటపలాడాయి. ఎవరిదో బెలూను ఠప్పుమని పేలింది. పిడుగు తోకతో ఈగను తోలుకుంది.

"చూశావా! శాలలో రాత్రింబవళ్లూ స్పీకరు పెట్టి చప్పట్లూ కేకలూ వినిపించాం. దాణా ఆ మోతలోనే తింది, కునుకూ ఆ మోతలోనే తీసింది. ఇరుగుపొరుగు మనల్ని తిట్టని తిట్టుందా?"

"అయినా నా దడ తగ్గట్లేదు తల్లీ. శాల వేరు, మైదానం వేరు. ఒక్క నిమిషంలో వస్తా."

"ఇప్పుడెక్కడికి? నా వంతొచ్చేసింది!"

ఆయన వినిపించుకోలేదు. జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు.

ఆమె పళ్లు బిగబట్టి గుర్రమెక్కి లోపలికి వెళ్లింది. చప్పట్లు, ఈలలు, బ్యాండు. ఇప్పుడెగురుతుంది, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూనే చుట్టంతా తిప్పింది. పిడుగు పెళ్లివారింటికి వచ్చినట్టు మెడ ఊపుకుంటూ నడిచింది. ఓనరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. ఇక దూకాల్సిన అడ్డుకర్రలే మిగిలాయి.

అప్పుడు మైకు మాట్లాడింది.

"ఒక చిన్న మనవి. ఈ గుర్రం చప్పుడుకి హడలిపోతుందట. స్వారీ చేస్తున్న అమ్మాయి నాన్నగారు ఇప్పుడే వచ్చి చేతులు జోడించి చెప్పారు. దయచేసి ఎవరూ నోరు మెదపకండి. బ్యాండువాళ్లు కూడా."

మంచి జనం. ఒక్కసారిగా మైదానమంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

నెలల తరబడి అలాంటిదొకటి ఉంటుందనే ఎరగని పిడుగు హడలిపోయి, నిట్టనిలువునా లేచి, ఓనరు కుర్చీ మీదికి దూకింది.