రంగు వెలిసిన బేలరు

"మళ్ళీ గేటు తీసి వదిలేశారయ్యా!" అని గొణుక్కుంటూ ముసలాయన వెళ్ళి గొలుసు తగిలించి వచ్చాడు.

వెర్లిన్‌కి నవ్వొచ్చింది. అప్పులకి వేలం వేస్తున్న ఆ రైతు దొడ్డిలో ఒక్క ఆవు లేదు. ఉన్నవన్నీ బ్యాంకువాళ్ళు ముందే తోలుకుపోయారట. ఖాళీ దొడ్డికి గేటెందుకు?

"చూశావా జోలీన్, ఏ వేలానికెళ్ళినా ఇలాంటివాడొకడు ఉంటాడు. పనీ పాటా ఉండదు."

జోలీన్ నవ్వలేదు, ఆవలించింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి, అట్నుంచి అటే మొగుడి పక్కన ట్రక్కెక్కింది. మిస్సౌరిలో వాళ్ళ ఊరి నుంచి ఇక్కడికి మూడు గంటల దారి.

"ముందు బేలరు చూడు," అంది.

చూడక తప్పదు. గడ్డి చుట్టలు చుట్టే వాళ్ళ పాత బేలరు పోయినేడు పొలంలోనే తగలబడింది. అద్దెకు చుట్టిపెడతానన్న మహానుభావుడు వాన పడ్డాక తీరిగ్గా వచ్చాడు. గడ్డంతా బూజు పట్టింది. చలికాలంలో మేత కొనలేక సగం ఆవుల్ని అమ్మేశారు. ఈ ఏడు కూడా గడ్డి చేతికి రాకపోతే మిగతా సగమూ అంతే. ఉన్నది ఆరు వేల డాలర్లు. ఆ డబ్బుకి కొత్త బేలరు కాదు కదా, దాని టైర్లు కూడా రావు.

వరసలో రెండే ఉన్నాయి. ఒకటి రంగు వెలిసిపోయింది. రెండోది ఎవరో డీలరు తెచ్చి పెట్టాడట, కొత్తగా రంగేసి తళతళలాడుతోంది.

వెర్లిన్ వంగి పాతదాని బెల్టులు లాగి చూశాడు.

"బెల్టులు బాగానే ఉన్నాయి," అంది వెనకనుంచి ఓ గొంతు. ఆ గేటు ముసలాయనే. "చుట్టల లెక్క చూపే మీటరు మాత్రం నమ్మకు బాబూ. వైరు తెగి రెండేళ్ళపాటు అది తిరగనే లేదు. అది చూపించేదానికి రెట్టింపు చుట్టలు చుట్టింది."

"అవునా!"

"ఎడమవైపు బేరింగు కూడా పోవడానికొచ్చింది. అది మార్చకుండా పొలంలో దించకు. మారిస్తే మాత్రం నీతో పేచీ పెట్టుకోదు."

"మరి అదో?" రంగేసినదాన్ని చూపించాడు వెర్లిన్.

"దాని సంగతి నాకు తెలీదు. తెలీనిది చెప్పను."

ఆయన అక్కడితో ఆగాడా? లేదు. ఆ బేలరు దగ్గరికి ఎవరొచ్చినా అదే పాట. విన్నవాళ్ళు విన్నట్టే జారుకుంటున్నారు.

"నిజం చెప్తున్నాడు పాపం," అంది జోలీన్. "అదే పాడు వెర్లిన్. బేరింగు ఎంతలే."

"పిచ్చిమొహమా! బయటికి రెండు లోపాలు చెప్పాడంటే లోపల ఇరవై ఉంటాయి. అసలు ఎవరీయన? పాట పాడేవాళ్ళకిచ్చే నంబరు కూడా తీసుకోలేదు. ఇందాక చర్చి ఆడవాళ్ళు తిండి అమ్ముతున్న బల్ల దగ్గర శాండ్‌విచ్ తిన్నాడు, పైసా ఇవ్వలేదు. నేను చూశాను."

ఇంకొకడు బేలరు దగ్గరికి వచ్చి, విని, వెళ్ళిపోయాడు. వెర్లిన్‌కి ఒళ్ళు మండింది. తన ఆవులు వేలంలో అగ్గువకి పోయిన రోజు గుర్తొచ్చింది. విసవిసా వెళ్ళి ముసలాయన ముందు నిలబడ్డాడు.

"పెద్దాయనా, నీకేమైనా బుద్ధుందా? అప్పులపాలై ఒకడు కొంపా గోడూ అమ్ముకుంటున్నాడు. వాడి వస్తువు మీద వంకలు చెప్పి ధర పడగొడతావా? నాలుగు డాలర్లు ఎక్కువొస్తే నీ సొమ్మేం పోయింది? వాడు వింటే ఎంత ఏడుస్తాడు!"

ముసలాయన టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏడవడులే బాబూ," అన్నాడు.

అటు గేటు మళ్ళీ ఎవరో తీసి వదిలేశారు. మెల్లగా అటు నడిచాడు.

పాత బేలరు సగం ధరకే పోయింది. వెర్లిన్ వాళ్ళ రోడ్డులోనే ఉండే డెల్మర్ పాడుకున్నాడు. వెర్లిన్ ఉన్న డబ్బంతా ఊడ్చి రంగేసినదాన్ని పాడాడు. తిరుగు దారంతా జోలీన్ నిద్రపోయింది. వెర్లిన్ మాత్రం వెనక కట్టిన బేలరుని అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

జూన్‌లో గడ్డి కోసి ఆరబెట్టారు. సాయంత్రానికి వాన ఉందని రేడియోలో చెప్పారు. పట్టుమని పది చుట్టలైనా కాలేదు, బేలరు కీచుమని ఆగిపోయింది. లోపల రోలరు విరిగింది. విరిగినచోట పాత అతుకు, అతుకు మీద కొత్త రంగు.

వెర్లిన్ అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

జోలీనే డెల్మర్‌కి ఫోన్ చేసింది. అతను తన పని ఆపుకుని, వేలంలో కొన్న ఆ పాత బేలరు ట్రాక్టరుకి తగిలించుకుని వచ్చాడు. చినుకులు మొదలయ్యేదాకా చుట్టాడు. సగం గడ్డి దక్కింది. సగం తడిసింది.

ముగ్గురూ షెడ్డులో నిలబడి వాన చూస్తున్నారు.

"ఆ బేరింగు మార్చావా?" అడిగాడు వెర్లిన్.

"మార్చాను. బేలరు తెచ్చుకుందామని మర్నాడు వెళ్తే, ఆ పెద్దాయనే కొత్త బేరింగు తెచ్చి చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు."

వెర్లిన్ తల దించుకున్నాడు. "ఆయన మంచే చెప్పాడు. నేనే నోరు పారేసుకున్నాను. ఈసారి ఏ వేలంలోనైనా కనబడితే క్షమించమని అడగాలి."

"ఇక కనబడడు. ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడట. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. పోతూ పోతూ కూడా గేటు వేసి మరీ వెళ్ళాడట."

"ఏ ఇల్లు?"

డెల్మర్ వింతగా చూశాడు.

"మనం వేలానికి వెళ్ళిన ఇల్లే."