ఓడ లెక్క

దూరదేశంలో ఉన్న అక్కకు ఆపరేషన్. దగ్గరుండి చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. విమానంలో ఏడువేల మైళ్లు, పదిహేను గంటల ప్రయాణం అని రాసి, ఆఫీసులో పది రోజులు సెలవు అడిగాను.

హెడ్ క్లర్కు రూల్సు పుస్తకం తిరగేశాడు. విమానాలు రాకముందు అచ్చయిన పుస్తకం అది.

"పదిహేను గంటలేమిటయ్యా? ఓడలో పోను ముప్పై అయిదు రోజులు, రాను ముప్పై అయిదు. ఇదుగో, ఇక్కడుంది."

"నేను విమానంలో వెళ్తానండి."

"నువ్వు దేంట్లో వెళ్తే నాకేం? రూలు ఓడలోనే వెళ్తుంది. సెలవు డెబ్భై రోజులు దాటకూడదు. అది కాస్తా ప్రయాణానికే సరిపోయింది. అక్కడ ఉండటానికి ఒక్క రోజు కూడా ఇవ్వలేను."

ఎదురు చెప్పడం నాకు చేతకాదు. తల వంచుకుని డెబ్భై రోజుల సెలవు కాగితం మీద సంతకం పెట్టాను.

పదో రోజున అక్కకు మందు వేస్తుంటే ఫోను మోగింది.

"ఎందాకా వెళ్లావయ్యా?" అన్నాడు హెడ్ క్లర్కు.

"నడిసముద్రంలో ఉన్నానండి."

అక్క ఒక చేత్తో కుట్లు అదిమిపట్టుకుని, రెండో చేత్తో మంచం పక్కనున్న చెంబులో నీళ్లు గలగలలాడించింది.