మాడు జిన్

గ్లాసులోని ఐసు ముక్కల్ని చెంచాతో ఒక్కొక్కటే తీసి సాసర్లో పెడుతున్నాడు ముసలాయన.

బార్ నడిపే చిన్న ఓనరు అది చూశాడు.

"మా ఐసు ఏం పాపం చేసిందండీ?" అన్నాడు నవ్వుతూ.

"మరీ చల్లబడితే జిన్ వాసన తెలీదు బాబూ. అయినా ఇప్పుడే తాగను. పోటీ అయ్యాక, ఆయన దిగొచ్చాక తాగుతాను."

"గెలుస్తానని అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు, ఆశ" అన్నాడు ముసలాయన.

బార్ కిటకిటలాడుతోంది. వాళ్ళ సొంత జిన్ పుట్టి ముప్పై ఏళ్ళయిందని చిన్న ఓనరు ఒక పోటీ పెట్టాడు. ఎవరికి ఏ జిన్ ఇష్టమో, దాంతో ముడిపడ్డ తీపి జ్ఞాపకం ఏమిటో చెప్పాలి. గెలిచినవాళ్ళు పెద్ద ఓనరుతో కూర్చుని ఒక గ్లాసు తాగొచ్చు.

పెద్ద ఓనరంటే ఇతని తండ్రే. మోకాళ్ళ నొప్పులతో మేడ దిగడం మానేసిన ఆ మనిషి, ఈ ఒక్క గ్లాసు కోసం సాయంత్రం ఐదింటికి దిగుతానన్నాడు.

ముందు ఒక లాయరు లేచాడు. కీరా ముక్కలేసిన జిన్ తన ప్రాణమన్నాడు. మొదటి కేసు ఓడిపోయిన రోజున ఆ ఓడిపోయిన క్లయింటే ఈయన్ని ఓదార్చి తాగించాడట.

తర్వాత రిటైరైన టీచరమ్మ లేచింది.

"నాది నిమ్మ జిన్. మా తోడికోడలూ నేనూ టీ కప్పుల్లో పోసుకుని తాగేవాళ్ళం. ఓసారి మా అత్తగారు కప్పులోకి తొంగి చూసి, 'టీకి రంగు లేదేమే?' అంది. 'పాలూ పొడీ రెండూ అయిపోయాయత్తయ్యా' అన్నాను."

బార్ అంతా గొల్లుమంది.

ఆ నవ్వులు సద్దుమణిగాక ముసలాయన లేచాడు.

"నాకిష్టమైంది ఈ ఇంటి మాడు జిన్."

ఆ పేరెలా వచ్చిందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ప్రతి మెనూ కార్డు వెనకా అచ్చేసి ఉంటుంది. పెద్ద ఓనరు నారింజ తొక్కల్ని పెనం మీద పెట్టి మరిచిపోయాడు. అవి మాడిపోయాయి. పారేయబుద్ధికాక, జిన్ కాచే రాగి బట్టీలో వేసేశాడు. ఆ మాడు వాసనే జనానికి నచ్చింది.

"ఆ తొక్కలు మాడ్చింది నేను" అన్నాడు ముసలాయన. "అప్పుడు ఇక్కడే బట్టీ పనిలో ఉండేవాణ్ణి. భయంతో చెప్పకుండా బట్టీలో వేసేశాను. మా యజమాని కనిపెట్టేశారు. తిడతారనుకున్నాను. ఆయన నవ్వారు. బట్టీలోంచి దిగిన జిన్ రెండు గ్లాసుల్లో పట్టి, ఒకటి నా చేతికిచ్చారు. ఇద్దరం అక్కడే నిలబడి తాగాం. అంత మంచి జిన్ మళ్ళీ తాగలేదు. అంత మంచి మనిషినీ చూడలేదు."

చిన్న ఓనరు మొహం ఎర్రబడింది. ఊహ తెలిసినప్పటినుంచీ తండ్రి నోట విన్న కథ అది. అందులో ఇంకో మనిషి ఎప్పుడూ లేడు.

"మా కార్డు వెనక ఉన్న కథ మాకే చెప్తున్నావా?"

"కార్డు నేను చదవలేదు బాబూ."

"మా నాన్న చేసింది నువ్వు చేశానంటావా? దొంగకథ చెప్పడానికి మా గడపే దొరికిందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "పోనీలే, పెద్దమనిషి, ఓ పెగ్గు పోసి పంపెయ్" అన్నారు.

"పెగ్గు వద్దండీ" అన్నాడు ముసలాయన. "ఆయనతో ఒక్క గ్లాసు. అంతే."

చిన్న ఓనరు మరి ఆగలేదు. ముసలాయన రెట్ట పట్టుకుని తలుపు దాకా నడిపించి, బయటికి తోసి, తలుపేసి వచ్చాడు. టీచరమ్మ గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఐదింటికి తండ్రిని దింపడానికి మేడెక్కిన చిన్న ఓనరు, ఇదంతా పెద్ద ఘనకార్యంలా చెప్పాడు.

తండ్రి చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"నేను నవ్వానన్నాడా?"

"అవును నాన్నా."

"గ్లాసు చేతికిచ్చానన్నాడా? అందరి ముందూ?"

"మీ అంత మంచి మనిషిని చూడలేదన్నాడు. కాకా పట్టడానికి..."

"ఒరేయ్, పరిగెత్తు. కాళ్ళు పట్టుకునైనా సరే తీసుకురా."

చిన్న ఓనరు పరిగెత్తాడు. వీధి చివరి దాకా వెళ్ళాడు. బస్టాపులో వెతికాడు. పక్కనున్న మందుల షాపులో అడిగాడు. "ఓ ముసలాయన కాసేపు మీ బార్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇందాకే బస్సెక్కేశాడు" అన్నాడు షాపతను. ఏ బస్సో అతనికి తెలియదు. ముసలాయన పేరేమిటో ఇతనూ అడగలేదు.

తిరిగొచ్చేసరికి తండ్రి మంచం అంచున అలాగే కూర్చుని ఉన్నాడు.

"దొరకలేదు నాన్నా. ఇంతకీ తొక్కలు మాడ్చింది..."

"అతనే. ఆ జిన్ అతనిదే. ముప్పై ఏళ్ళుగా నాదని చెప్పుకు తిరుగుతున్నాను."

చిన్న ఓనరుకి తల కొట్టేసినట్టయింది. ముసలాయన రెట్ట పట్టుకున్న చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మరి అతనే ఎందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ? మీరిద్దరూ కలిసి తాగేంత..."

"ఎక్కడ తాగామురా?" తండ్రి తలెత్తలేదు. "ఆ రోజు బట్టీలోంచి ఒక్క చుక్క దిగకముందే, ఇవాళ నువ్వు గెంటినట్టే, పదిమంది ముందూ నేనూ అతన్ని మెడపట్టి గెంటేశాను."