ఉత్తరపు గాలి రాత్రులు

ఆ ఉదయం కూడా వెర్నా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద విసిరేసింది.

ఇంటికప్పు మీద మైకు పెట్టి రాత్రంతా రికార్డు చేస్తే, వలసపిట్టల పిలుపు ఒక్కటీ లేదు. అంతా ఫ్యాను హోరే.

దక్షిణాన, పక్క పొలంలో ముసలి హాల్వర్ మొక్కజొన్న ఆరబెట్టే ఫ్యాను అది. కోతలు మొదలయ్యాక మిన్నెసోటాలో ఏ రైతూ దాన్ని ఆపడు.

వానొస్తే చినుకుల చప్పుడు. దక్షిణపు గాలి వీస్తే ఫ్యాను మోత. వాన వెలిసి ఉత్తరపు గాలి తిరిగిన రాత్రుల్లో మాత్రం పిలుపులు స్పష్టంగా పడేవి. గాలి ఆ మోతను అవతలికి నెట్టేస్తోందని ఆమె అనుకునేది.

హాల్వర్‌ని ఒక్కసారే అడిగింది.

"రాత్రిపూట ఆ ఫ్యాను ఆపకూడదా? పిట్టల్ని వింటున్నాను."

"మొక్కజొన్న ఆగదు, టీచరుగారూ" అని ఆయన ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెలో ముల్లులా దిగబడింది.

అక్టోబరులో వాగు పొంగి హాల్వర్ లారీల దారి కొట్టుకుపోయింది. ఇక మిగిలింది వెర్నా స్థలంలోంచి వెళ్లే బాట. ఆమె దానికి అడ్డంగా గొలుసు కట్టి తాళం వేసింది.

హాల్వర్ టోపీ చేత పట్టుకుని వచ్చాడు.

"గాదె నిండిందమ్మా. గింజ వేడెక్కుతోంది. ఒక్క వారం దారివ్వండి."

"ఆగదన్నారుగా. ఆగుతుందేమో చూద్దాం."

ఆయన టోపీ పెట్టుకుని వెనుదిరిగాడు.

గింజంతా బూజు పట్టింది. చలికాలంలో హాల్వర్ పోయాడు. మంచు కరిగాక పొలం, సామాను వేలానికొచ్చాయి.

కళ్లారా చూద్దామని వెర్నా వెళ్లింది.

కొనడానికొచ్చిన రైతొకడు ఆ ఫ్యాను ముందు నిలబడ్డాడు.

"ఇంత పెద్ద ఫ్యానుండగా గింజ ఎందుకు వేడెక్కింది? ఇది పనిచేయదా ఏంటి?"

పొరుగూరి నుంచి వచ్చిన హాల్వర్ మేనల్లుడు కర్టిస్‌కి, వెనక నిలబడ్డ వెర్నా ఎవరో తెలియదు.

"బంగారంలా పనిచేస్తుంది. మామయ్యే ఆపేసేవాడు. వాన వెలిసి ఉత్తరపు గాలి తిరిగిందంటే చాలు, తెల్లారేదాకా ఆపి కూర్చునేవాడు. ఆరబెట్టడానికి ఆ పొడిగాలే మంచిది, గింజ పాడైపోతుంది మామా అంటే వింటేగా."

"ఆయనకేం పోయేకాలం?"

"'పిట్టలు దాటేది ఇలాంటి రాత్రేరా, పాపం టీచరుగారు వినొద్దూ' అనేవాడు."