హాగరు బొమ్మ

కత్తి ఆగేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఫరీదుద్దీన్ కత్తిని పక్కన పడేశాడు. కరీంనగర్ నుంచి దోహా వచ్చి, ఫ్రేముల దుకాణం పెట్టాక ఇంత పొరపాటు ఎన్నడూ చేయలేదు.

ఇటలీలో రెండు వందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసిన బొమ్మ అది. ఎడారిలో దాహంతో సొమ్మసిల్లిన కొడుకు, పక్కన ఏడుస్తున్న తల్లి, నీటి ఊట చూపిస్తున్న దేవదూత.

ఫ్రేములో పట్టడం లేదని కింది అంచు కోసేశాడు. చెక్కినవాడి పేరు ఆ అంచులోనే ఉంది!

అల్ హిలాల్ పేటలో ఇటలీ ఇంజనీరు ఇంట్లో పనిచేసే కడప గురవమ్మ తెచ్చిందా బొమ్మను.

"మీ మేడందా?" అని అడిగితే ఆరోజు నవ్వి ఊరుకుంది.

సాయంత్రం గురవమ్మ వచ్చింది. మేడంలకు వేసే కుర్చీ మొదటిసారి ఆమెకు వేశాడు.

"తప్పయింది చెల్లె. కింద పేరు కోసేసిన. మీ మేడంకు ఏం చెప్తవో ఏమో!"

గురవమ్మ తెగిన అంచును వేలితో తడిమింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది.

"తల్లీబిడ్డా బాగుండారు గదన్నా. అది చాలు."

"మరి మేడం?"

"ఆయమ్మ ఏమీ అనదులే. నీ మీదికి మాట రానీను."

ఫరీదుద్దీన్ బొమ్మను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ తల్లిని మేము హాజరా బీబీ అంటం."

"మేడం హాగరు అనేది. పరాయింట్లో పనిచేసిన మనిషేనంట."

ఉన్నవాటిలోకెల్లా మంచి టేకు తీసి, ప్రాణం పెట్టి ఫ్రేము కట్టిచ్చాడు.

మేడం ఎప్పుడు వచ్చి నిలదీస్తుందోనని చాలా రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. ఎవరూ రాలేదు.

"పాపం, తిట్లన్నీ ఆమే తిన్నదేమో! ఈసారి వస్తే ఇంటికి తోల్కరా, బిర్యానీ పెడత" అంది భార్య బిల్కిస్.

గురవమ్మ మళ్ళీ రాలేదు.

ఎండలు ముదిరాక ఆ ఇటలీ ఇంజనీరే దుకాణానికి వచ్చాడు. చేతిలో భార్య ఫోటో.

"దీనికీ ఆ బొమ్మకు కట్టినలాంటి ఫ్రేమే కావాలి" అన్నాడు వచ్చీరాని హిందీలో.

"గురవమ్మ మంచిగున్నదా సార్?"

"నిన్ననే ఇండియా వెళ్ళిపోయింది. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని విమానం ఎక్కింది."

ఫరీదుద్దీన్ తెల్లబోయాడు.

"మేడం ఆమెకే ఇచ్చేసిండ్రా?"

ముసలి ఇంజనీరు ఫోటోను బల్ల మీద మెల్లగా ఆనించాడు.

"అది నీ దగ్గరికి వచ్చేనాటికే మా ఆవిడ లేదు బాబూ. 'మా అమ్మమ్మ ఇంటి బొమ్మ, ఇక నా చెల్లెలిదే' అంటూ కన్నుమూసే ముందు గురవమ్మ చేతిలో పెట్టింది."