ఎదురింటి ముగ్గు

కృష్ణవేణమ్మ ఆ వారం రోజూ రెండు ముగ్గులు వేసింది. ఒకటి తన వాకిట్లో. ఇంకొకటి ఎదురింటి వాకిట్లో.

ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ రాయచోటిలో ఉన్న చెల్లెలి దగ్గరికి ప్రయాణమైంది. ఆమె ఒంటరిది. కృష్ణవేణమ్మా అంతే. కర్నూలు చివర, కోడుమూరు దారిలో ఉన్న ఆ కాలనీలో మూడు నెలల్లో నాలుగిళ్లు దోచారు. నాలుగూ మనుషులు ఊళ్లో లేని ఇళ్లే. వాకిట్లో ముగ్గు లేని ఇల్లు చూసుకుని వస్తున్నారని కాలనీ పెద్ద వీరభద్ర తేల్చాడు.

అప్పటినుంచి ఊరెళ్లేవాళ్లు పక్కవాళ్లకు వాకిలి అప్పజెప్పి వెళ్తున్నారు. ఎవరొచ్చి అడిగినా 'లోపలే ఉన్నారు' అని చెప్పాలి. వరండా గ్రిల్లుకు లోపలివైపు అందరూ పాత చీరలు అడ్డం కట్టారు, వెనకున్న తలుపు బయటికి కనబడకుండా. గ్రిల్లుకు తాళం మాత్రం ఇంట్లో మనుషులున్నా, లేకున్నా వేలాడుతూనే ఉంటుంది. చీకటి పడితే లోపలున్న ఆడవాళ్లు ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ఆ తాళం వేసుకుంటారు.

"తెల్లారి నాలుగున్నరకు ఆటో వస్తాది. నిన్ను లేపనులే," అంది సుబ్బలక్ష్మమ్మ ముందురోజు, ఆకుపచ్చ బ్యాగులో చీరలు సర్దుకుంటూ. "చెల్లెలికి గూడా చెప్పలే. పోయి ముందర నిలబడితే దాని మొగం చూడాల. వారం దినాలు నా వాకిలి నీదే. నీ మాదిరి నెమళ్లు, తామరపూలు వేయొద్దు మల్లా. దొంగోనికి తెలిసిపోతాది."

"నీ మాదిరే వంకరగా గీస్తాలే."

మర్నాడు తెల్లవారుజామున ఆటో వచ్చింది. కృష్ణవేణమ్మ మంచం మీదనుంచే విన్నది. హారన్ మోగింది. కాసేపటికి మళ్లీ మోగింది. ఆ తర్వాత బండి మలుపు తిరిగిపోయింది. 'క్షేమంగా పోయిరా తల్లీ' అనుకుని ఆమె లేచింది.

పోయినేడు దొంగలు పడింది ఆమె ఇంట్లోనే. పక్క గదిలో బీరువా తెరుస్తున్న చప్పుడు వింటూ కూడా ఆమె అరవలేదు. ఊపిరి బిగబట్టి నిద్ర నటించింది. పోయిన నగలకన్నా ఆ నటనే ఆమెను ఎక్కువ తొలిచింది. ఆ తర్వాత ప్రతి చప్పుడూ ఆమెకు అడుగుల చప్పుడే. రెండుసార్లు కాలనీనంతా లేపింది. రెండుసార్లూ పిల్లి. మూడోసారి పిలిస్తే ఎవరూ తలుపు తీయలేదు. అందుకే ఈ పని అప్పజెప్పినప్పుడు ఆమెకు లోలోపల గర్వంగా అనిపించింది. ఒక ఇల్లు తనను నమ్మింది.

మొదటి రోజే ఎదురింటి ముందు నీళ్లు చల్లుతుంటే లోపలెక్కడో గిన్నెతో నేలను కొట్టినట్టు చప్పుడైంది. చెయ్యి ఆపింది. చప్పుడూ ఆగింది. మళ్లీ చల్లింది. మళ్లీ మోగింది.

పరుగున పోయి వీరభద్రను పిలుచుకొచ్చింది. ఆయన నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. అప్పటికి వీధిలోకి నీళ్ల ట్యాంకరొచ్చి, దాని మోటారు రొదలో ఏమీ వినబడటంలేదు. ఆయన గ్రిల్లు తాళం పట్టుకుని గుంజాడు.

"పగలగొట్టలే, వంచలే. గాల్లో పోయినాడా అక్కా దొంగోడు?"

"నాకు ఇనపడింది వీరభద్రా."

"నీకు ఇనపడందేముందిలే. దొంగ నీ తలకాయిలో ఉండాడు. ముందు వాన్ని బయటికి తోలు."

రెండో రోజూ ఆ చప్పుడు విన్నది. బాగా మెల్లగా ఉంది. ఈసారి ఎవరినీ పిలవలేదు. ఇది బయటిది కాదు, నాలోదే అని చెప్పుకుంది. పెదవి కొరుక్కుంటూ సుబ్బలక్ష్మమ్మ వంకర గీతలన్నీ పూర్తిచేసింది.

ఆ మధ్యాహ్నం ఎవడో కొత్త మనిషి ఎదురింటి గ్రిల్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కృష్ణవేణమ్మకు భయమేసింది. అయినా వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా, ఎవరు కావాల?"

"సుబ్బలక్ష్మమ్మ లేదామ్మా?"

"లోపలే ఉండాది. జరమొచ్చి పండుకోని ఉండాది."

అతని మొహం తేటపడింది. "అట్లనా. లేపొద్దులేమ్మా. మల్లా వస్తా."

ఇల్లు చూసిపెట్టుకున్నాడు, మళ్లీ వస్తాడు అనుకుంది ఆమె. వీరభద్రకు ఆనవాళ్లు చెప్పింది.

మూడో రోజు నీళ్లు చల్లి చెవులు రిక్కించింది. ఏ చప్పుడూ లేదు. గెలిచినట్టనిపించింది. ఆ మాట చెబుదామని సుబ్బలక్ష్మమ్మకు ఫోన్ చేసింది. స్విచాఫ్. చార్జింగ్ పెట్టుకోవడం ఆమెకు ఎప్పుడు గుర్తుంది గనక. ఏడాది తర్వాత మొదటిసారి కృష్ణవేణమ్మ ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

ఐదో రోజు ఆ మనిషి దొరికాడు. గ్రిల్లులోంచి చెయ్యి దూర్చి చీర పక్కకు తప్పిస్తుంటే వీరభద్ర, ఇంకో ఇద్దరు పట్టుకున్నారు. మలుపులో అతని ఆటో ఉంది. వెనక సీటు కింద ఆకుపచ్చ బ్యాగు ఉంది.

కృష్ణవేణమ్మ బ్యాగును బయటికి లాగింది.

"ఇది ఆయమ్మదే. నా ముందరే సర్దుకునింది."

వీరభద్ర చెంప పగలగొట్టాడు. "ముసలామెను దారిలో ఏం జేసినావురా?"

"కొట్టొద్దన్నా. నా పేరు ఇమాం వలి. స్టాండులో ఎవరినన్నా అడుగు. చీకట్లో మోయలేనని ముందునాటి సాయంత్రమే ఆయమ్మ బ్యాగు బండిలో పెట్టించింది. ఇచ్చిపోదామనే తిరుగుతాండా."

"మరి బస్టాండులో దింపినప్పుడు ఇయ్యలేదేం?" కృష్ణవేణమ్మ గొంతు పెంచింది. "బ్యాగు లేకుండా ఎట్ల పోయింది ఆమె?"

ఇమాం వలి పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. అర్థం కానట్టు ఆమె వంక చూశాడు.

"దింపేదేందమ్మా, ఆ పొద్దు రెండుసార్లు హారన్ కొట్టినా ఆయమ్మ తలుపే తీయలే, జరమొచ్చి లోపల పండుకోని ఉండాదని మీరే గదా చెప్తిరి."