తలల లెక్క

“బండి కదలడానికి వీల్లేదు. ఒకరు తక్కువున్నారు!”

పచ్చజెండా ఎత్తబోతున్న గార్డు చెయ్యి సగంలో ఆగిపోయింది. చుట్టూ పెద్ద అద్దాలున్న రైలుపెట్టె గుమ్మంలో ఒక పెద్దాయన ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు.

గార్డు ప్రాణం ఉసూరుమంది. కొండరాళ్ళు పట్టాల మీద పడి బండి అప్పటికే మూడు గంటలు లేటు. లోయ మీది వంతెన చూడాలని సెలవులు పెట్టుకుని వచ్చిన జనం, చీకటి పడేలోపు అక్కడికి చేరుస్తావా లేదా అని అతని బుర్ర తినేస్తున్నారు. ఉన్నది ఒకటే లైను. అయిదు నిమిషాల్లో కదలకపోతే అవతలి స్టేషన్లో కాచుకుని ఉన్న గూడ్సుకి దారిచ్చేస్తానని స్టేషన్ మాస్టరు తెగేసి చెప్పాడు.

“ఎవరు తక్కువ, పెద్దాయనా?”

“ఎవరన్నది తర్వాత. ముందు లెక్క తేలాలి. ముప్పై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపాను బాబూ. తలల లెక్క సరిపోకుండా ఒక్కనాడు గేరు వెయ్యలేదు. మావాళ్ళు ఏడుగురు. లోపల ఆరుగురే ఉన్నారు.”

“టాయిలెట్లో చూశారా?”

“రెండూ చూశాను. ఖాళీ.”

“లెక్కలు ఇంటికెళ్ళి చేసుకోండి సార్!” లోపల్నుంచి ఎవరో అరిచారు. “ఇంకాసేపు ఆగితే వంతెనని టార్చిలైటు వేసుకుని చూడాలి!”

పెద్దాయన అటు తిరిగి కూడా చూడలేదు. “తిట్టుకోనివ్వు బాబూ. ఒంటరిగా ఇక్కడ వదిలేసి పోతానా? మళ్ళీ బండి రేపటికి గానీ రాదంటున్నారు.”

ఆ మాటతో గార్డుకీ గుబులు పట్టుకుంది. పరుగెత్తాడు. వెయిటింగ్ రూము చూశాడు. మంచినీళ్ళ కుళాయి దగ్గర చూశాడు. స్టేషన్ వెనక పూలమొక్కల మధ్యకి కూడా వెళ్ళి చూశాడు. నరపురుగు లేదు. “అందరూ ఎక్కేశారు సార్,” అన్నాడు టీ కొట్టతను షట్టరు దించుతూ.

రొప్పుతూ తిరిగొచ్చేసరికి పెద్దాయన కుటుంబమంతా సీట్ల మధ్య దారిలో నిలబడి ఉంది. ఒక్కరూ బండి దిగలేదు. గార్డుకి ఒళ్ళు మండింది.

“ఏమయ్యా, మీ మనిషి తప్పిపోతే ఆయనొక్కడేనా వెతికేది? మీరు వేడుక చూస్తున్నారా? ఎవరు తక్కువో నువ్వైనా చెప్పు!”

కొడుకు బూట్ల వంక చూసుకున్నాడు. చిన్న మనవరాలు ఏదో అనబోయింది. తల్లి దాన్ని గట్టిగా తన నడుముకి అదుముకుంది.

గూడ్సు సంగతేమిటంటూ అవతలి స్టేషన్ నుంచి ఫోను మోగింది. స్టేషన్ మాస్టరు గడియారం చూపిస్తూ గదిలోంచి బయటికి వచ్చాడు.

“ఇలా కాదు. నేనే లెక్కపెడతాను,” అన్నాడు గార్డు. “అబ్బాయి ఒకటి, కోడలు రెండు, అమ్మాయి మూడు, అల్లుడు నాలుగు, పిల్లలిద్దరితో ఆరు...” చివర్లో ఆగి, పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. “మరి మీరు? ఏడు! మిమ్మల్ని మీరే మర్చిపోయారు పెద్దాయనా!”

పెట్టె మొత్తం గొల్లున నవ్వింది.

“తాతగారు దొరికారోయ్!” అని ఒకడు ఈల వేశాడు. ఇందాక అరిచినాయనే అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టాడు.

పెద్దాయన మాత్రం గార్డు మొహంలోకి చూశాడు. “నన్ను కూడా వేస్తే... ఏడేనా?”

“ఏడే. సరిగ్గా సరిపోయింది.”

“సరిపోయిందా?” అని మెల్లగా కాలు తీసి లోపల పెట్టుకున్నాడు. “అయితే పోనీ బాబూ.”

గార్డు జెండా ఊపాడు. కుటుంబంలో ఒక్కరైనా నవ్వలేదేమిటని అతనికి తట్టింది కానీ, ఆలోచించే తీరిక లేకపోయింది.

పొద్దు కుంకే ముందు బండి వంతెన ఎక్కింది. లోయంతా ఎర్రటి ఎండ పరుచుకుంది. జనం అన్నీ మర్చిపోయి కిటికీలకి అతుక్కుపోయారు. వాళ్ళని వెలుగుండగానే చేర్చినందుకు గార్డుకి కూడా హాయిగా ఉంది. పెట్టెల మధ్య తలుపు దగ్గర పెద్దాయన కూతురు అతని కోసం కాచుకుని ఉంది.

“సార్, వచ్చే స్టేషన్లో నాన్న మళ్ళీ లెక్కపెడతారు. అప్పుడూ మీరే వచ్చి, ఇందాకటిలాగే ఆయన్ని కూడా కలిపి లెక్కపెడతారా?”

“దానికేం భాగ్యమమ్మా! మీ నాన్నగారు భలే నవ్వించారు. ప్రతిసారీ తనని తాను మర్చిపోతారా ఏంటి?”

“మర్చిపోరు సార్. అసలు వేసుకోరు. బండి నడిపేవాడు లెక్కలోకి రాడంటారు. బస్సులోనే కాదు, ఎక్కడికెళ్ళినా అంతే. ఏడుగురంటే ఆయన కాక ఏడుగురు.”

గార్డు నవ్వు ఆగిపోయింది. మనసులో గబగబా లెక్క వేసుకున్నాడు. ఆయన కాక ఆరుగురే! అంటే పెద్దాయన చెప్పిందే నిజం. తనే వినిపించుకోకుండా జెండా ఊపేశాడు. చెయ్యి గొలుసు మీదికి పోయింది.

“ఎవరమ్మా? ఎవర్ని వదిలేసి వచ్చాం? బండి ఆపనా?”

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆపొద్దు సార్. అమ్మ పోయి మూడు నెలలైంది.”